కుటుంబ సమావేశం: న్యూజిలాండ్ యువతకు ఫానౌ అండ

కష్టంలో ఉన్న పిల్లల గురించి గానీ, నేరం చేసిన పిల్లల గురించి గానీ అధికారులు ఒక నిర్ణయానికి వచ్చే ముందు, వాళ్ల బంధువర్గాన్నంతా ఒకచోట కూర్చోబెట్టి దారి వెతకమనే పద్ధతికి కుటుంబ సమావేశం అని పేరు. దీన్ని మొదట చట్టంలో రాసుకున్న దేశం న్యూజిలాండ్. 1989 నవంబర్ 1న అమల్లోకి వచ్చిన ‘బాలలు, యువజనులు, వారి కుటుంబాల చట్టం’ దీనికి ఆధారం. మన మాటల్లో చెప్పాలంటే, పిల్లవాడు దారి తప్పితే ముందు మేనమామకు కబురు పెట్టమని ఆ చట్టం ప్రభుత్వాన్ని ఆదేశించింది.

తర్వాత బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్, స్వీడన్, కెనడా, ఆస్ట్రేలియా ఈ పద్ధతిని తమ తమ రీతుల్లో తెచ్చుకున్నాయి. కానీ తెచ్చుకున్నది పద్ధతిని, దాని వెనకున్న బాధను కాదు. అందుకే ఈ వ్యాసం ఎక్కువసేపు దాని పుట్టింట్లోనే ఉంటుంది.

ఫానౌ అంటే

ఆ దేశపు మూలవాసులు మావోరీలు. 2023 జనగణన ప్రకారం సుమారు 8,87,000 మంది, జనాభాలో దాదాపు 18 శాతం. వాళ్ల భాషలో కుటుంబాన్ని ‘ఫానౌ’ అంటారు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక కారు ఉన్న కుటుంబం కాదది. తాతలు, పెత్తండ్రులు, మేనత్తలు, వాళ్ల పిల్లలు, ఒక ముత్తాతకు పుట్టిన సంతతి అంతా ఒక ఫానౌ. కొన్ని ఫానౌలు కలిస్తే ‘హపూ’, హపూలు కలిస్తే తెగ. తెగకు వాళ్ల మాట ‘ఇవి’. తెలుగులో చదివేటప్పుడు తికమక పెట్టే మాట కనుక ఇక్కడ తెగ అనే రాస్తున్నాం.

ఈ మాటలకున్న రెండో అర్థాలు చూస్తే ఆ సమాజం మనసు తెలుస్తుంది. ఫానౌ అంటే పుట్టడం కూడా. హపూ అంటే కడుపుతో ఉండటం. ‘ఇవి’ అంటే ఎముక. నేలను ‘ఫెనువా’ అంటారు, కాన్పులో పడే మాయకూ అదే మాట. మాయను సొంత నేలలో పూడ్చిపెట్టడం వాళ్ల ఆచారం. ఇలాంటి చోట ‘ఈ బిడ్డ ఎవరి బిడ్డ?’ అని అడిగితే ఒక తల్లి పేరో తండ్రి పేరో మాత్రమే జవాబుగా రాదు.

‘ఫాంగయ్’ అనే పెంపకం కూడా అక్కడి పాత అలవాటు. మొదటి బిడ్డను తాతా నానమ్మలో, పిల్లలు లేని పెద్దమ్మో తీసుకుని పెంచుతారు. బిడ్డకు కన్నవాళ్లెవరో తెలుసు, రాకపోకలు ఉంటాయి, దాపరికం ఉండదు. అమ్మమ్మ ఊళ్లో పదో తరగతి దాకా పెరిగి వచ్చిన తెలుగువాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. 1955లో న్యూజిలాండ్ చేసిన దత్తత చట్టం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు తిరిగింది. దత్తత వెళ్లిన బిడ్డకు పాత కుటుంబంతో తెగతెంపులు, కన్నతల్లి పేరుకు తాళం. వంశవృక్షమే ఆస్తి అనుకునే జనానికి ఆ చట్టం చేసిన నష్టం ఇంతా అంతా కాదు.

తెల్లవారిన నివేదిక

1840లో బ్రిటిష్ రాజ్యానికీ మావోరీ పెద్దలకూ మధ్య వైతాంగి ఒప్పందం కుదిరింది. తర్వాత భూములు పోయాయి, 1867 చట్టంతో మావోరీ పల్లెల బడుల్లోకి ఇంగ్లిష్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పల్లెల్లోని మావోరీ కుటుంబాలు కూలి కోసం నగరాలకు తరలాయి. ఒక్క తరంలో పల్లె జనం పట్నం జనమయ్యారు. పట్నంలో అద్దె ఇల్లు దొరికింది గానీ ఫానౌ దొరకలేదు.

ఆ వెలితిలోకి ప్రభుత్వం వచ్చింది. బడి ఎగ్గొట్టాడనో, వీధుల్లో తిరుగుతున్నాడనో కుర్రాళ్లను పట్టుకెళ్లి ఎపూని, కోహిటెరే వంటి బాలుర గృహాల్లో పెట్టేవారు. లోపలికి వెళ్లినవాళ్లలో మావోరీ పిల్లలు వాళ్ల జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువ. అక్కడ జరిగిన కొట్టడాలు, లైంగిక దాడులు, ఒంటరి గదులు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2018లో మొదలైన రాయల్ కమిషన్ తుది నివేదిక 2024 జులైలో బయటికి వచ్చింది. 1950 నుంచి 2019 దాకా ప్రభుత్వ, మత సంస్థల సంరక్షణలో గడిపినవారు సుమారు 6,55,000 మంది అని, వారిలో 2,00,000 మంది దాకా వేధింపులకు గురై ఉండవచ్చని అంచనా కట్టింది. అదే ఏడాది నవంబర్ 12న ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

అయితే మావోరీలు ఈ కమిషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయొమాటాలో మొదటి ‘కోహంగా రేయో’ తెరిచారు. భాషా గూడు అని దాని అర్థం. అవ్వలు, తాతలు పసిపిల్లలకు మావోరీలోనే కబుర్లు చెప్పే బడి అది. ఆ ఊపులోనే, బాలుర గృహాలను నడిపిన సంక్షేమ శాఖ మీద ప్రశ్నలు పెరిగాయి. 1985లో ప్రభుత్వం ఒక సలహా సంఘాన్ని వేసింది. అధ్యక్షుడు తూహోయె తెగ పెద్ద జాన్ రంగిహౌ. సంఘం సభ్యులు దేశమంతా తిరిగి, తెగల సభామందిరాల్లో కూర్చుని జనం మాట విన్నారు. 1986 నాటి వాళ్ల నివేదిక పేరు ‘పువావో-టె-అటా-టూ’, అంటే తెల్లవారడం. శాఖలోని ఉద్యోగులు చెడ్డవాళ్లని అది అనలేదు. శాఖ నడిచే తీరులోనే జాతివివక్ష పాతుకుపోయిందని చెప్పింది. వ్యక్తి మారితే సరిపోదు, పద్ధతి మారాలన్నది దాని సారం. సర్కారు కాగితాల్లో ఇంత సూటిగా మాట్లాడినవి అరుదు.

రంగిహౌ 1987లో కన్నుమూశారు. ఆయన నివేదిక నీడలో తయారైన చట్టం రెండేళ్ల తర్వాత వచ్చింది.

సమావేశం నడిచే తీరు

చట్టం రెండు రకాల సమావేశాలను ఏర్పాటు చేసింది. ఇంట్లో బిడ్డకు రక్షణ లేదనిపించినప్పుడు ఒకటి, 14 ఏళ్లు దాటిన యువకుడు నేరం చేసినప్పుడు ఇంకొకటి. చిన్నాచితకా తప్పుల్లో చాలావాటిని పోలీసు యువజన విభాగం హెచ్చరికతోనో, చిన్న ఒప్పందంతోనో ముగిస్తుంది. అంతకు మించినవి సమావేశానికి వస్తాయి. 2019 జులై నుంచి 17 ఏళ్ల వాళ్లు కూడా ఈ ఏర్పాటు కిందికి వచ్చారు.

ఒక మామూలు సమావేశాన్ని ఊహించుకుందాం. పదిహేనేళ్ల కుర్రాడు, దొంగిలించిన కారు, విరిగిన కంచె. సమన్వయకర్త ముందే ఇంటింటికీ తిరిగి ఎవరెవరు రావాలో కనుక్కుంటుంది. ఎక్కడ కూర్చోవాలి, ప్రార్థనతో మొదలుపెట్టాలా, తిండి ఏమిటి అన్నవి కుటుంబం చెబుతుంది. ఆ రోజు గదిలో కుర్రాడు, తల్లి, నానమ్మ, ఇద్దరు మామలు, పోలీసు, లాయరు, కారు పోగొట్టుకున్నావిడ ఉంటారు. పోలీసు జరిగింది చదువుతాడు. కుర్రాడు ఒప్పుకుంటేనే కథ ముందుకు నడుస్తుంది, కాదంటే కోర్టు తేల్చాలి. కారు ఆవిడ తన మాట చెబుతుంది. కారు లేక ఆ వారమంతా పనికి ఎలా వెళ్లిందో చెబుతుంటే కుర్రాడు నేలచూపులు చూస్తాడు.

ఆ తర్వాత వచ్చేదే ఈ పద్ధతికి ప్రాణం. అధికారులందరూ లేచి బయటికి వెళ్లిపోతారు. తలుపు మూసుకుంటుంది. గదిలో కుటుంబం మాత్రమే మిగులుతుంది. గంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. అరుచుకుంటారు, ఏడుస్తారు, పాత లెక్కలు తీస్తారు. ‘వాడి నాన్న పోయినప్పుడు మనం ఎవరమైనా వెళ్లామా?’ అని ఏ నానమ్మో అంటుంది. చివరికి ఒక మామ, ‘వాణ్ని నా దగ్గర పెట్టుకుంటా, నాతో పాటు పనికి తీసుకెళ్తా’ అంటాడు. తలుపు తెరిచి ప్రణాళిక చదువుతారు: కంచె తనే కట్టాలి, ఆవిడకు క్షమాపణ చెప్పాలి, ఇంత సొమ్ము ఇన్ని నెలల్లో కట్టాలి, బడికి వెళ్లాలి. అందరూ ఒప్పుకుంటే అదే తీర్పు లాంటిది. మాట నిలబెట్టుకుంటే, అసలు కేసే పెట్టనట్టుగా కొట్టేసే అధికారం యువజన కోర్టుకు ఉంది.

రచ్చబండ, పెద్దమనుషుల పంచాయితీ గుర్తుకు రావడం సహజం. పోలిక కొంతవరకే పనికొస్తుంది. పంచాయితీలో తీర్పు చెప్పేది ఊరి పెద్ద, వినేది కుటుంబం. ఇక్కడ చెప్పేదే కుటుంబం. ఆడవాళ్లు అరుగు దిగువన నిలబడరు, చాలాసార్లు గదిని నడిపేది నానమ్మే.

కాగితం మీద ఉన్నదంతా గదిలో జరగలేదు. గాబ్రియెల్ మాక్స్‌వెల్, ఆలిసన్ మోరిస్ 1993లో ప్రచురించిన అధ్యయనం ఈ పద్ధతికి తొలి లెక్కాపత్రం. యువకులు కోర్టుకు వెళ్లడం బాగా తగ్గిందని, ఎక్కువ సమావేశాల్లో ఒప్పందం కుదురుతోందని అది చూపింది. అలాగే బాధితులు సగం సమావేశాలకైనా రావడం లేదని, నిర్ణయంలో తనకూ పాలుందని అనుకున్న యువకులు దాదాపు మూడో వంతేనని కూడా చెప్పింది. పెద్దలు మాట్లాడుతుంటే పిల్లవాడు గోడ చూడటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

రంగటహి కోర్టు

సమావేశం పుట్టిన దాదాపు ఇరవై ఏళ్లకు కోర్టే ఫానౌ దగ్గరికి నడిచింది. మావోరీలో ‘రంగటహి’ అంటే యువత. 2008 మేలో గిస్‌బర్న్ పట్టణంలోని టె పోహో-ఒ-రావిరి సభామందిరంలో జడ్జి హేమీ టౌమౌను మొదటి రంగటహి కోర్టు నడిపారు. తర్వాత దేశమంతటా ఇలాంటివి పదిహేను దాకా వచ్చాయి. టౌమౌను 2019లో జిల్లా కోర్టుల ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

చట్టం అదే, శిక్షలూ అవే. కుటుంబ సమావేశంలో కుదిరిన ప్రణాళిక ఎలా నడుస్తోందో చూడటమే ఈ కోర్టు పని. మారింది చోటు, మర్యాద. తెగ సభామందిరం, దాని ముంగిలి కలిసిన ఆవరణను ‘మరాయె’ అంటారు. మందిరం ఒక పూర్వీకుడి దేహమని వాళ్ల భావన. నడి దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. వాకిట్లో ఒక స్త్రీ గొంతెత్తి పిలిచాకే జడ్జి అయినా, పోలీసైనా లోపలికి అడుగు పెట్టాలి. నుదురు, ముక్కు తాకించి పలకరించుకుంటారు. జడ్జి పక్కన తెగ పెద్ద ఒకరు కూర్చుంటారు.

కుర్రాడు నిలబడి మావోరీలో తన ‘పెపెహా’ చెప్పాలి: తన కొండ ఏది, తన నది ఏది, తన పూర్వీకులు ఏ పడవలో వచ్చారు, తన తెగ ఏది, తనెవరు. సంధ్యావందనంలో ప్రవర చెప్పుకోవడం ఎరిగినవాళ్లకు ఈ వరస కొత్త కాదు. అక్కడ గోత్రం, ఋషులు వస్తారు. ఇక్కడ కొండ, నది వస్తాయి. చాలామంది కుర్రాళ్లకు మొదటిరోజు ఇదేదీ రాదు. పట్నంలో పుట్టి, మూడు నాలుగు పెంపుడు ఇళ్లు మారిన పిల్లవాడికి తన కొండ పేరు ఎవరు చెప్పి ఉంటారు? కాగితం చూస్తూ, తడబడుతూ చదువుతాడు. పెద్దాయన లేచి, ‘మీ తాత నాకు తెలుసు’ అంటాడు. కోర్టు గదిలో ఈ మాట వినపడటం ఎంత పెద్ద విషయమో చెప్పడానికి లెక్కలు సరిపోవు. రెండు వారాలకోసారి వచ్చి అప్పచెప్పేసరికి కాగితం అక్కర్లేని రోజు వస్తుంది. అంతా అయ్యాక టీ, రొట్టె. మావోరీలు కాని పిల్లలు కూడా కోరుకుంటే ఇక్కడికి రావచ్చు.

2010లో ఆక్లాండ్‌లోని మాంగెరెలో పసిఫికా కోర్టు మొదలైంది. సమోవా, టోంగా, కుక్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఉద్దేశించినది. వాళ్ల ఇళ్లలో తెగ పెద్దతో పాటు చర్చి పాస్టరు మాటా చెల్లుతుంది. సమోవాలో ‘ఇఫోగా’ అనే ఆచారం ఉంది. తప్పు చేసినవాడి బంధువులు వచ్చి, సన్నని అల్లిక చాప కప్పుకుని, బాధితుల వాకిట్లో తలవంచి కూర్చుంటారు. అవతలివాళ్లు చాప తీసేస్తే క్షమించినట్టు. 1970లలో పసిఫిక్ దీవుల వాళ్ల ఇళ్ల మీద తెల్లవారుజామున పోలీసులు చేసిన దాడులకు 2021 ఆగస్టు 1న క్షమాపణ చెప్పినప్పుడు ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఇలా చాప కిందే కూర్చున్నారు.

ఎక్కడ బెడిసింది

కుటుంబాన్ని పిలవడం వేరు, కుటుంబానికి అధికారం ఇవ్వడం వేరు. ఈ రెండింటి మధ్య తేడా తెలియనట్టు నటించినప్పుడల్లా న్యూజిలాండ్ దెబ్బతింది. నిర్ణయం ఫానౌకు వదిలి డబ్బు మాత్రం శాఖ దగ్గర పెట్టుకుంటే, మనవణ్ని తెచ్చుకున్న నానమ్మ బస్సు చార్జీకీ అర్జీ రాసుకోవాలి. న్గాటి పోరౌ తెగకు చెందిన నేరశాస్త్రవేత్త హువాన్ టౌరి మొదటి నుంచీ అంటున్నది ఇదే: మావోరీ ఆచారాన్ని అరువు తెచ్చుకుని ప్రభుత్వం తన పాత పనికి కొత్త రంగు వేసిందని. మాట కటువే. కానీ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో సగానికి పైగా ఇప్పటికీ మావోరీలే కావడం ఆ మాటకు బలం ఇస్తోంది.

2019 మేలో హేస్టింగ్స్ ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన మావోరీ బిడ్డను తల్లి దగ్గర నుంచి తీసుకుపోవడానికి అధికారులు వచ్చారు. కుటుంబం, మంత్రసానులు అడ్డుపడ్డారు. ఆ వీడియో దేశాన్ని కుదిపింది. వరసగా విచారణలు జరిగాయి. వైతాంగి ఒప్పందం మీద ఫిర్యాదులు వినే వైతాంగి ట్రైబ్యునల్ 2021 నాటి నివేదికలో, మావోరీ పిల్లల విషయంలో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని తేల్చింది.

రెండో వైపు వాదన కూడా తేలికది కాదు. బిడ్డను కొట్టినవాడు ఆ ఫానౌలోనే ఉంటే? తలుపు మూసిన గదిలో పెద్దాయన మాటకు ఎదురు చెప్పగలిగే పదమూడేళ్ల పిల్ల ఎక్కడుంది? మావోరీ పిల్లలను వాళ్ల వంశంతో కలిపి ఉంచే బాధ్యతను శాఖ అధిపతి మీద పెడుతూ 1989 చట్టానికి చేర్చిన సెక్షన్ 7ఎఎ 2019లో అమల్లోకి వచ్చింది, 2025లో రద్దయింది. రద్దు బిల్లు తెచ్చిన మంత్రి కారెన్ షౌర్ స్వయంగా మావోరీ, చిన్నప్పుడు ప్రభుత్వ సంరక్షణలో గడిపినావిడ. సంస్కృతి కంటే భద్రత ముందు అన్నది ఆమె వాదన. రెండింటినీ పోటీకి నిలబెట్టడమే తప్పన్నది ఎదుటివారి జవాబు. ఈ వ్యాసకర్త మొగ్గు ఈ జవాబు వైపే: ఎపూని వంటి చోట్ల పిల్లలకు సంస్కృతీ దక్కలేదు, భద్రతా దక్కలేదు.

మరికొన్ని దేశాలు

అమెరికా 1978లోనే ఆదివాసీ బాలల సంక్షేమ చట్టం చేసింది. అంతకు ముందు ఆ పిల్లల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఇళ్లకు దూరమయ్యారని అప్పటి సర్వేలు చూపాయి. 2023లో సుప్రీంకోర్టు 7–2తో ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం ఇళ్ల నుంచి తీసుకుపోయిన ఆదివాసీ పిల్లల, అంటే ‘దొంగిలించిన తరాల’ మీద 1997లో నివేదిక, 2008 ఫిబ్రవరి 13న ప్రధాని క్షమాపణ వచ్చాయి. ఆదివాసీ బిడ్డను ముందు బంధువుల దగ్గర, తర్వాత సొంత సమాజంలో ఉంచాలన్న సూత్రం అక్కడి చట్టాల్లో ఉంది. కెనడా 2019లో చేసిన చట్టం మూలవాసులకు తమ పిల్లల విషయంలో సొంత చట్టాలు చేసుకునే హక్కును గుర్తించింది. బిడ్డకు ఆశ్రయం వెతికేటప్పుడు ఆ బిడ్డ భాష, మతం, సంస్కృతి చూడాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం చెబుతోంది. భారత్ 1992లో ఆ ఒడంబడికలో చేరింది.

చేరకపోతే ఏమవుతుందో కాదు, చేరినా మరిచిపోతే ఏమవుతుందో నార్వే చూపింది. 2011లో అక్కడ ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పసిపిల్లలను శిశు సంక్షేమ శాఖ తీసుకుపోయింది. చేత్తో అన్నం తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా తప్పుల జాబితాలో చేరాయని తల్లిదండ్రులు చెప్పారు. రెండు దేశాల మధ్య రాయబారాలు నడిచాక 2012లో పిల్లలను బాబాయికి అప్పగించి ఇండియా పంపారు. మొదటి రోజునే పిలవాల్సిన బాబాయి అన్నమాట.

మనవాళ్ల సంగతి

2023 లెక్కల్లో న్యూజిలాండ్‌లోని భారతీయులు సుమారు 2,92,000 మంది. వారిలో తెలుగువాళ్లు రెండు దారుల్లో వచ్చారు. మొదటి దారి ఫిజీ మీదుగా. 1903 నుంచి మద్రాసు రేవులో కూలి ఒప్పందాల మీద ఎక్కినవారిలో తెలుగువాళ్లున్నారు. 1926లో పుట్టిన దక్షిణ భారతీయుల సంస్థ ‘సంగం’ అక్కడ తమిళంతో పాటు తెలుగు కూడా నేర్పే బడులు నడిపింది. 1987, 2000 సంవత్సరాల తిరుగుబాట్ల తర్వాత చాలా కుటుంబాలు ఆక్లాండ్ చేరాయి. రెండో దారి హైదరాబాదు, విజయవాడల నుంచి సాఫ్ట్‌వేర్, నర్సింగు, చదువుల కోసం వచ్చినవాళ్లది. ఫిజీ వాళ్లకు ఆక్లాండ్‌లోనే మేనమామలున్నారు. రెండో దారి వాళ్లకు తరచూ అమ్మా నాన్నా పిల్లలే మొత్తం ఫానౌ. తాతయ్య ఫోన్ తెర మీద, అదీ వాళ్లకు పొద్దున, వీళ్లకు మధ్యాహ్నం.

ఇలాంటి ఇంటికి కుటుంబ సమావేశం కబురొస్తే మొదటి జవాబు ‘నలుగురికీ తెలిస్తే పరువేం కాను?’ అనే. రెండో ఇబ్బంది భాష. ఇంట్లో ఇంగ్లిష్ బాగా వచ్చింది పిల్లవాడికే కనుక వాడి మీద కేసును వాడే అమ్మకు తెలుగులో చెప్పే పరిస్థితి వస్తుంది. అందులో ఎంత చెబుతాడో, ఎంత మింగుతాడో ఊహించుకోవచ్చు. చట్టం దుబాసీని అడిగే హక్కు ఇచ్చింది. ఎవరు బంధువో తేల్చే మాటా కుటుంబానిదే: దూరాన ఉన్న తాతయ్య ఫోన్‌లో మాట్లాడవచ్చు, పక్కింటి ఆంటీని పిన్ని అని రాయించుకోవచ్చు. అక్కడ స్థిరపడిన తెలుగు పాఠకులెవరికైనా అలాంటి కబురు వస్తే ఒంటరిగా వెళ్లకండి. దుబాసీని అడగండి. పిల్లవాడు ఎవరి మాట వింటాడో వాళ్లను వెంట తీసుకెళ్లండి.